జూలై ఒకటిన పుట్టిన సంఘం

గుణకారం వల్ల మనిషి పరువు పోతుందంటే మీరు నమ్మరు. భాగహారం వల్ల పోతుందంటే నమ్ముతారు. అన్నదమ్ములు పొలం పంచుకున్న ఇళ్లలో అది రోజూ చూసేదే. కానీ నా పరువు పోయింది గుణకారం వల్లే. అదీ ఆదివారం నాడు, ఆరాధన మధ్యలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అరవై మంది ఎదుట. ఆ అరవై మందిలో నేను పెళ్లి చేసుకోవాలనుకున్న అమ్మాయి ఉంది, పిల్లనివ్వాల్సిన ఆమె నాన్న ఉన్నాడు, నన్ను కన్న తల్లి ఉంది. పరువు పోగొట్టుకోవడానికి ఇంతకన్నా నిండు సభ దొరకదు. చెబుతాను, నవ్వండి. మీరు నవ్వితే నాకు బాధేం లేదు. ఆ రోజు నవ్విన వాళ్ల ముందు మీరెంత?

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో, స్టోర్స్‌లో పని. మా మందిరం పటాన్‌చెరులో, పెద్ద రోడ్డు మీంచి లోపలికి పోయే సందులో ఉండేది. రేకుల కప్పు. వాన పడితే అయ్యగారి ప్రసంగం ముందు రెండు వరసలకే వినపడేది. వెనక కూర్చున్న వాళ్లు రేకుల మీద పడే చప్పుడుకే ఆమెన్ అనేవాళ్లు. గాలి కాజీపల్లి వైపు నుంచి తిరిగితే కిటికీలు మూసేవాళ్లం. ఆ వాసన చూసి ఏ ఫ్యాక్టరీలో ఏ మందు ఉడుకుతోందో చెప్పగల విశ్వాసులు మా సంఘంలో ఉండేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే ఆ వాసన కూడా బాగానే ఉందనిపిస్తుంది. వయసు మీద పడితే ముక్కు కూడా క్షమించడం నేర్చుకుంటుంది.

నేను యువజన కూటమికి సెక్రటరీని. బైబిల్ కంఠత వాక్యాల పోటీల్లో ఏటా మొదటి బహుమతి నాదే. బహుమతి అంటే స్టీలు గ్లాసు. మా ఇంటికి ఎంతమంది చుట్టాలొచ్చినా నీళ్లకు గ్లాసు తక్కువైన రోజు లేదు. అంత వాక్యం నోటికొచ్చిన వాడికి ఒక జబ్బు వస్తుంది. దేవుణ్ణి గుర్తులు అడగడం. బైబిల్లో పూర్వం ఒక న్యాయాధిపతి యుద్ధానికి పోయేముందు నేల మీద గొర్రెబొచ్చు పరిచి, తెల్లారేసరికి బొచ్చు తడిసి నేల పొడిగా ఉంటే నీ మాట నమ్ముతాను ప్రభువా అన్నాడు. ఆయన ఎదురుగా శత్రు సైన్యం ఉంది. అడిగాడంటే అర్థముంది. నా ఎదురుగా ఏముంది? ముత్తంగి బస్సు. నేను పది లెక్కపెట్టే లోపు అది మలుపు తిరిగితే సాయంత్రం క్షౌరం చేయించుకోవడం దేవుని చిత్తం. తిరగకపోతే కాదు. అప్పట్లో బస్సులు ఆలస్యంగా వచ్చేవి కాబట్టి నా జుట్టు ఎప్పుడూ చెవుల మీదికే ఉండేది.

"దేవునికి వేరే పనే లేదారా?" అనేది మా అమ్మ. "నీ నెత్తి వెంట్రుకలే సూసుకుంట కూసుంటడా?"

"తల వెంట్రుకలన్ని ఆయన లెక్కపెట్టే ఉంచిండమ్మా."

"లెక్కపెట్టిండు గని, కత్తిరిస్తనన్లేదు గదరా. జల్దీ పోయి చేయించుకో."

అలాంటి వాడి బతుకులోకి కరుణ వచ్చింది.

కరుణ వాళ్లు కోస్తా వాళ్లు. ఆమె నాన్న దయానందం గారు ప్రభుత్వ కర్మాగారంలో ఫోర్‌మన్. పటాన్‌చెరులో కిరాయికి ఉండేవాళ్లు. రెండేళ్ల కింద భార్య పోయింది. అప్పటినుంచి ఆయన మందిరానికి వచ్చేవారు, కూర్చునేవారు, ముఖం మీద ఒక గీత కదలకుండా లేచి వెళ్లేవారు. పాడేటప్పుడు కూడా ఆయన పెదవులు కదిలేవి కావు. కరుణ సంగారెడ్డిలో ఒక బడిలో లెక్కల టీచరు. ఆడవాళ్ల వైపు మూడో వరసలో, కిటికీ పక్కన కూర్చునేది. మగవాళ్ల వైపు మూడో వరసలో కిటికీ లేదు. అయినా నాకు అక్కడే గాలి బాగా ఆడేది.

మాటలు కలిశాయి. కూటమి పాటల పుస్తకాలు పంచేటప్పుడు "వందనాలండీ" అనేది. నేను "వందనాలు" అనేవాణ్ణి. ఏడాదిన్నర పాటు మా పరిచయం ఈ ఎత్తులోనే నిలకడగా సాగింది.

ఇంతలో పిడుగులాంటి వార్త మా అమ్మ తెచ్చింది. విజయవాడ నుంచి కరుణకు ఒక సంబంధం వస్తోంది. పిల్లవాడు బ్యాంకులో పని. జూలై మొదటి మంగళవారం చూడ్డానికి వస్తారట. నచ్చితే తాంబూలాలే.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగాల్సింది కరుణను. పోనీ ఆమె నాన్నను. అదీ కాకపోతే మా అమ్మనైనా. నేనేం చేశాను? "ప్రభువా, ఈమె నా కోసమేనా? ఒక గుర్తు చూపించు" అని ప్రార్థన మొదలుపెట్టాను.

గుర్తు మూడో రోజే దొరికింది. బస్‌పాస్ కౌంటర్ దగ్గర.

నాకు బస్‌పాస్ అక్కర్లేదు. ఫ్యాక్టరీకి సైకిల్ మీద పోయేవాణ్ణి. అయినా ఆ వరసలో ఆమె వెనక ఎందుకు నిలబడ్డానో పెళ్లి కాని పాఠకులకు వివరించక్కర్లేదు. పెళ్లయిన వాళ్లు గుర్తు చేసుకోండి. కౌంటర్ గుమాస్తా లోపలినుంచి అరిచాడు.

"డేట్ ఆఫ్ బర్త్?"

"జూలై ఒకటి" అంది కరుణ. తరవాత సంవత్సరం చెప్పింది. సంవత్సరం నాకు వినపడలేదు. నా చెవుల్లో గంటలు మోగుతున్నాయి. ఎందుకంటే నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ కూడా జూలై ఒకటే!

"నెక్స్ట్! నీకేం గావాలె?" అన్నాడు గుమాస్తా నన్ను చూసి.

"ఏం వద్దు సార్. దొరికింది" అని బయటపడ్డాను.

మీకొక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా వైపు పుట్టినరోజులు జరుపుకునే అలవాటు లేదు. కేకులు, కొవ్వొత్తులు ఆఫీసర్ల క్వార్టర్లలో జరిగేవని విన్నాం. మాకు పుట్టిన తేదీ అంటే సర్టిఫికెట్‌లో ఉండే వస్తువు. సర్టిఫికెట్ పెట్టెలో ఉండేది. పెట్టె మంచం కింద ఉండేది. ఉద్యోగానికి పోయినప్పుడు తీస్తాం, మళ్లీ పెడతాం. పక్కవాడి తేదీ ఏమిటని అడగడం, వాడి ఇంట్లో ఉప్పు డబ్బా ఏ మూల ఉందని అడగడం లాంటిది. ఎవరిక్కావాలి? అందుకే నా తేదీలాంటి తేదీ లోకంలో ఇంకొకరికి ఉంటుందని నాకు తట్టనే లేదు.

మర్నాడు స్టోర్స్ బయట బల్ల మీద కూర్చుని లెక్క మొదలుపెట్టాను. పక్కన యాదగిరి. బాయిలర్ దగ్గర ఆపరేటర్, నా దోస్తు.

"చూడు యాదగిరీ. ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులు. గండ్ల నేను జూలై ఒకటిననే పుట్టిన. అంటే మూడువందల అరవై అయిదింట్ల ఒకటి. అవునా?"

"అవును."

"ఆమె గూడ గదే రోజు పుట్టింది. అది ఇంకో మూడువందల అరవై అయిదింట్ల ఒకటి. రెండు గుణిస్తే?"

"నన్నడుగుతవేందిరా? నాకు ప్రెషర్ మీటర్ దప్ప లెక్క రాదు."

"లక్షా ముప్పై మూడు వేల రెండు వందల ఇరవై అయిదు!" అన్నాను. "లక్షా ముప్పై మూడు వేలల్ల ఒక్కసారి జరిగేది మా ఇద్దరికి జరిగింది. ఇది దేవుడు గాకపోతే ఎవరు?"

యాదగిరి కళ్లు పెద్దవి చేశాడు. అది చూసి నాకు హుషారొచ్చింది. "ఆగు, అయిపోలేదు. ఈ యేడు జూలై ఒకటి ఆదివారం వచ్చింది. వారానికి ఏడు రోజులు. ఏడుతో గుణించు. తొమ్మిది లక్షలు దాటుతది!"

"ఇగ ఆపుర నాయినా, కాగితం అయిపోతది" అన్నాడు యాదగిరి. తల గోక్కున్నాడు. "గని ప్రభుదాసూ, గింత లెక్క ఎందుకు? సక్కగ పొయ్యి, 'నిన్ను చేసుకుంట, నీకిష్టమేనా' అని అడుగరాదు?"

"అడిగితే కాదంటే?"

"కాదంటే కాదంటది. సచ్చిపోతవా?"

"అట్ల గాదురా. దేవుడే అందరి ముంగట సూపిస్తే, ఇగ కాదనేటోళ్లెవరు?"

యాదగిరి నా వైపు జాలిగా చూశాడు. "మీ దేవుని సంగతి నాకు తెల్వదు గని, నువ్వు మాత్రం పిరికోనివిరా" అని బాయిలర్ దగ్గరికి పోయాడు.

బాయిలర్ మనుషులు నిజాలు వేడిగానే చెబుతారు. నేను వినలేదు. ఆ సాయంత్రమే అయ్యగారి దగ్గరికి వెళ్లాను. మా సంఘంలో పాస్టర్‌గారిని అయ్యగారు అనే పిలుస్తాం.

"అయ్యగారూ, పట్నం సంఘాలల్ల పుట్టినరోజు ప్రార్థన ఉంటదట. ఆ వారం పుట్టినోళ్లను ముందుకు పిలిచి ప్రార్థన చేస్తరట. మన దగ్గర లేదు."

"మంచి ఆలోచన నాయినా. ఎప్పుడు మొదలుపెడదాం?"

"జూలై ఒకటిన."

అయ్యగారు దగ్గారు. ఆ దగ్గు కొంచెం పొడుగ్గా సాగింది. "జూలై ఒకటిననేనా? వేరే ఆదివారం ఏదన్నా..."

"కాదు అయ్యగారూ. దేవుని చిత్తం."

దేవుని చిత్తమని అన్నాక పాస్టర్‌కు ఎదురు చెప్పే దారేముంది? సరేనన్నారు. పాపం, ఆయన చూపుల్లో ఏదో హెచ్చరిక ఉంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఇంతటితో ఆగినా బాగుండేది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సాల్మన్‌రాజు అన్నట్టు, దానికి ముందటి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకునే సమయమది. జ్వరం తగ్గిందని ఒకరు, గేదె దొరికిందని ఒకరు చెప్పారు. తరవాత నేను.

"సంఘానికి వందనాలు. నా జీవితంల తోడుగ ఉండే మనిషి ఎవరో ప్రభువు నాకు సూపించిండు. పేరు చెప్పను. ఆమెదీ నాదీ పుట్టిన తారీకు ఒక్కటే. ఇట్ల జరిగేది లక్షా ముప్పై మూడు వేలల్ల ఒక్కసారి! వచ్చే ఆదివారం పుట్టినరోజు ప్రార్థన ఉంది. ఆ రోజు నాతోని ఎవరు లేచి నిలబడుతరో మీరే చూడుండ్రి."

ఆడవాళ్ల వైపు మూడో వరసలో కిటికీ పక్క కరుణ తల వంచుకుని ఉంది. దయానందం గారు మెల్లగా నా వైపు తిరిగారు. ఫోర్‌మన్ చూపు. విరిగిన నట్టు ఎక్కడుందో వెతికే చూపు. మా అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అది ఆనందమనుకున్నాను. ఆమె ఇంటికొచ్చాక నోరు తెరిచింది.

"ఒరేయ్, నువ్వు పుట్టింది..."

"అమ్మా, ఇప్పుడేం చెప్పకు. నేను ప్రార్థనల ఉన్న."

వారం రోజులు ప్రార్థనలోనే ఉన్నాను. మా అమ్మకు నోరు తెరిచే సందే ఇవ్వలేదు.

జూలై ఒకటి వచ్చింది. మబ్బు పట్టిన ఉదయం. కొత్త చొక్కా, నున్నగా దువ్విన తల. బస్సు ఆలస్యమైనా ఆ వారం క్షౌరం చేయించుకున్నాను. మందిరం నిండిపోయింది. ఎప్పుడూ రాని వాళ్లు కూడా వచ్చారు. లక్షా ముప్పై మూడు వేలల్లో ఒక్కసారి జరిగేది చూడ్డానికి ఎవరు రారు?

పాటలు అయ్యాయి. అయ్యగారు పీఠం దగ్గర నిలబడి, మళ్లీ ఆ పొడుగు దగ్గు దగ్గి, "ఈ వారం, అంటే, ఈ రోజు... పుట్టినరోజు ఉన్నవాళ్లు లేచి నిలబడండి" అన్నారు.

నేను లేచాను. ఛాతీ నిండా గాలి పీల్చుకుని ఆడవాళ్ల వైపు తిరిగాను.

మూడో వరసలో ఎవరూ లేవలేదు. రెండో వరసలో లేచింది. మార్తమ్మత్త. ముగ్గురు పిల్లల తల్లి, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట మనిషి. నేను ఆమెను చూసి తెల్లబోయే లోపు మగవాళ్ల వైపు బెంచీ కిర్రుమంది. వాచ్‌మన్ జాన్ లేచాడు. ఆయన పక్కన ఆయన తమ్ముడు లేచాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు, రెండేళ్ల తేడాతో. వెనక వరసలో ఒక్కసారే నలుగురు. ఆడవాళ్ల వైపు కిటికీల దగ్గర ఇద్దరు, తలుపు దగ్గర ముగ్గురు. బెంచీల కిర్రు ఆగలేదు. వాన రేకుల మీద మొదలైనట్టు మొదట చినుకు చినుకుగా, తరవాత ధారగా లేచారు. తానొకటి తలిస్తే దైవం ఒకటి తలచునంటారు. నేనొకటి తలిస్తే దైవం ఇరవైకి పైగా తలచింది!

కరుణ మాత్రం కూర్చునే ఉంది. మందిరంలో దాదాపు సగం మంది నిలబడ్డారు, ఎవరి కోసం ఇదంతా పెట్టానో ఆమె తప్ప.

అయ్యగారు చేతులు జోడించి, "నాది కూడా ఇవ్వాళనే. నేను ముందుగాలనే నిలబడి ఉన్న" అన్నారు.

ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు నా వైపు తిరిగి, నిజంగా ఓదార్చే గొంతుతోనే అడిగారు. "ప్రభుదాసూ, వీళ్లల్ల ఎవరు నాయినా?"

"నాకు ముగ్గురు పిల్లలున్నరు బిడ్డా" అంది మార్తమ్మత్త వెంటనే. "జెర ఆలోచించి చెప్పు."

మందిరం పేలిపోయింది. ఆ నవ్వు రేకులకు తగిలి కిందికొచ్చి మళ్లీ పైకి పోయింది. పిల్లలు బెంచీలు కొట్టారు. నేను నిలబడే ఉన్నాను.

అప్పుడు ముందు వరసలోంచి ఒక ముసలాయన కర్ర మీద ఆనుకుని లేచాడు. మా ఊరి బడికి ఎన్నో ఏళ్లు హెడ్‌మాస్టర్‌గా చేసి రిటైరైన దానయ్య సార్. సంఘంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లలో చాలామందికి అక్షరాలు దిద్దించింది ఆయనే.

"కూసోండి, అందరు కూసోండి" అన్నాడు. "తప్పు పోరనిది గాదు. నాది. బడిల చేర్పియ్య వస్తే తారీకు చెప్పుండ్రి అంటే మీ అమ్మలు ఏం చెప్పిండ్రు? ఒకామె 'పెద్దవాన పడ్డప్పుడు' అన్నది. ఒకామె 'జొన్నలు కోసినంక' అన్నది. ప్రభుదాసు తల్లి ఏమన్నదో తెలుసా? 'మా నల్లావు ఈనిన మర్నాడు' అన్నది. ఆవు సర్టిఫికెట్ నేను యాడికెళ్లి తేవాలె? అయిదేళ్లు నిండినట్టు చూసి, అందరికి జూలై ఒకటి పెట్టిన."

"గదే తారీకు ఎందుకు సార్?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

సార్ కాస్త సిగ్గుపడ్డాడు. "నా తారీకు గూడ గదే. మా సార్ నాకు పెట్టిండు. మంచిగనే నడిచింది గద అని మీకందరికి పెట్టిన."

మా అమ్మ లేచి, ఇన్నాళ్లూ నేను మూయించిన నోటిని పూర్తిగా తెరిచింది. "వారం నుంచి చెప్తాన్న అయ్యగారూ! వీడు పుట్టింది చలికాలం. ఇనడు గద!"

అయ్యగారు ఏం చేయగలరు? చేతులెత్తి ప్రార్థన చేశారు. "ప్రభువా, ఒక్క రోజుననే ఇంతమందిని మా సంఘానికి ఇచ్చినవు..." అక్కడ ఆయనకే నవ్వొచ్చి ఆగిపోయారు. ఆమెన్ ఎవరన్నారో గుర్తులేదు. నేను అప్పటికే బయట బోరింగు దగ్గర ఉన్నాను. తల కింద పెట్టి నీళ్లు కొట్టుకుంటున్నాను. ఒక చేత్తో కొడుతూ ఆ నీళ్ల కింద తల పెట్టడం ఎంత కష్టమో పరువు పోయిన వాడికే తెలుస్తుంది.

ఉన్నట్టుండి నీళ్లు బాగా పడ్డాయి. ఎవరో కొడుతున్నారు. తల ఎత్తి చూస్తే కరుణ.

"వందనాలండీ" అంది. ముఖం ఎర్రగా ఉంది, నవ్వి నవ్వి.

"మీరు ఎందుకు నిలబడలేదు?" అన్నాను. అడగాల్సిన ప్రశ్నలు వంద ఉంటే అదొక్కటే నోటికొచ్చింది.

"నేను పుట్టింది డిసెంబర్‌లోనండి. అమ్మ చెప్పేది. బస్‌పాస్‌కి సర్టిఫికెట్‌లో ఉన్నదే చెప్పాలి కదా. హెడ్‌మాస్టర్లు మీకేనా, మాకు లేరా?" అని బోరింగు ఆపింది. "అది సరే. ఆ లక్షా ముప్పై మూడు వేలు ఎక్కడివండీ? అది విని వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు."

చెప్పాను. యాదగిరికి చెప్పినట్టే. ఆమె లెక్కల టీచరు. తప్పు లెక్క చూస్తే బలపం వెతుక్కునే రకం.

"మీ తేదీని ఎందుకు గుణించారండీ? మీరు ఏదో ఒక రోజు పుట్టారు. అది ఏదైనా ఫరవాలేదు. నా తేదీ దానితో కలవాలి, అంతే. మూడువందల అరవై అయిదింట్లో ఒకటి."

"అది గూడ తక్కువనే గదా?"

"మనిద్దరినే చూస్తే తక్కువే. సంఘంలో మనిద్దరమే ఉన్నామా? ఇరవై ముగ్గురు ఉన్నారనుకోండి. ఆరాధన అయ్యాక ప్రతి ఇద్దరూ ఒకసారి చేతులు కలిపి వందనాలు చెప్పుకున్నారు. మొత్తం ఎన్నిసార్లు చేతులు కలిశాయి?"

"నలభై ఆరు?"

"రెండువందల యాభై మూడు."

"అన్ని వందనాలా!"

"కలిసిన ప్రతి జతా ఒక అవకాశమే. అందుకే ఇరవై ముగ్గురుంటే చాలు, ఎవరో ఇద్దరి తేదీలు కలవడానికే అవకాశం ఎక్కువ. అరవై మందిలో ఏ ఇద్దరికీ కలవకపోతేనే వింత. మీ సార్ తేదీలు పెట్టకపోయినా ఏడాదిలో ఏదో ఒక తేదీన ఎవరో ఇద్దరు కలిసి లేచేవాళ్లు. మీరే లేవాలని మాత్రం లేదు."

నేను బోరింగు చప్టా మీద కూలబడ్డాను. దేవుని మహిమ అనుకున్నది వందనాల లెక్కలో కొట్టుకుపోయింది. "అయితే ఇండ్ల దేవుని చెయ్యి లేదంటరా?"

కరుణ మందిరం తలుపు వైపు చూసింది. "మా నాన్న నవ్వారండీ ఇందాక. మార్తమ్మగారు మాట్లాడినప్పుడు. అమ్మ పోయాక అదే మొదటిసారి. అదెవరి చెయ్యో నాకు తెలీదు." నా వైపు తిరిగింది. "ఎల్లుండి విజయవాడ వాళ్లొస్తున్నారు. మీరు ఇంకా గుర్తుల కోసమే చూస్తూ కూర్చుంటారా?"

పాఠకులారా, ఇంత స్పష్టంగా చెప్పినా నేను ఒక్క క్షణం ఆకాశం వైపు చూశాను. అలవాటు! అంతలో దయానందం గారు తలుపు దాటి మా వైపే వస్తున్నారు. కళ్లు తుడుచుకుంటున్నారు. ఏడ్చిన కళ్లు కావు.

"ఏమయ్యా సెక్రటరీ! ఆ మనిషి మా అమ్మాయేనా?"

"అవునండి" అన్నాను. ఆయన ముందు నా యాస కూడా భయపడి కోస్తాకు పోయింది.

"పుట్టినరోజు కలిసిందని పిల్లనిస్తే, ఇందాక నిలబడ్డ మగవాళ్లందరికీ ఇవ్వాలి కదయ్యా! ఇంకేమన్నా కారణం ఉందా నీ దగ్గర?"

నోటికొచ్చిన వాక్యాలన్నీ ఎటో పోయాయి. ఒక్కటీ సాయం రాలేదు. నా మాటే నేను చెప్పుకోవాల్సి వచ్చింది.

"ఆమె రాని ఆదివారం నాకు ప్రసంగం చెవికెక్కదండి. వచ్చిన ఆదివారం అసలే ఎక్కదు. ఎట్లయినా నాకు నష్టమే. అందుకే... మీ అమ్మాయిని నేను చేసుకుంటానండి. ఆమెకు ఇష్టమైతేనే."

దయానందం గారు కూతురి వైపు చూశారు. ఆమె తల వంచుకుని బోరింగు కొట్టింది. నీళ్లు ఎవరికీ అక్కర్లేదు. అయినా కొట్టింది. ఆయనకు అర్థమైంది.

"లెక్కలు రాని వాణ్ణి స్టోర్స్‌లో ఎలా పెట్టుకున్నార్రా వాళ్లు?" అని నా భుజం మీద ఒకటి వేశారు. ఫోర్‌మన్ చెయ్యి. మంగళవారం దాకా నొప్పి తగ్గలేదు. ఆ మంగళవారం విజయవాడ వాళ్లు రాలేదు. రావద్దని ఆయన కబురు పెట్టారు.

పెళ్లి తేదీ ఖాయం చేయడానికి సంఘ పెద్దలు కూర్చున్న రోజు, దానయ్య సార్ గొంతు సవరించుకుని, "తారీకు నన్ను పెట్టుమంటరా?" అన్నాడు. అంతమంది ఒకే గొంతుతో మాట్లాడడం మా సంఘ చరిత్రలో అదే మొదటిసారి. "వద్దు సార్!"

సార్ ఇప్పుడు లేడు. రేకుల మందిరం పోయి స్లాబు వచ్చింది. వాన పడినా ప్రసంగం వెనక వరస దాకా వినపడుతుంది. కొన్ని ఆదివారాలు అది లాభమో నష్టమో చెప్పలేను. పుట్టినరోజు ప్రార్థన మాత్రం నేను పెట్టించిందే, ఆగలేదు. పిల్లలందరూ ఆస్పత్రుల్లో పుడుతున్నారు, గంటా నిమిషంతో సహా తేదీలున్నాయి. పిలిస్తే ఒకరో ఇద్దరో లేస్తారు. చేతులు కట్టుకుని విడివిడిగా నిలబడతారు. వాళ్లను చూస్తే, ఒక ముసలి సార్ కలం పోటుతో తోబుట్టువులైపోయి, ఒకేసారి లేచి నిలబడ్డ మా వాళ్లు గుర్తొస్తారు. మార్తమ్మత్త, జాన్, జాన్ తమ్ముడు. నవ్వుతూనే ఉంటాను. కాసేపటికి అద్దాలు తుడుచుకోవాల్సి వస్తుంది.

కాబట్టి సంఘం ఎదుటా, పాఠకుల ఎదుటా, కుడిచెయ్యి ఎత్తి ఒట్టు పెట్టి చెబుతున్నాను. బతికున్నంత కాలం మూడువందల అరవై అయిదును దేనితోనూ గుణించను. ఎక్కడ ఏ రెండు తేదీలు కలిసినా, కలిపింది దేవుడా హెడ్‌మాస్టరా అని ముందు విచారించి గానీ సాక్ష్యం చెప్పను. అడగాల్సింది మనిషినైతే, ఆకాశాన్ని ఇబ్బంది పెట్టకుండా మనిషినే అడుగుతాను. ఈ ఒట్టు ఏ తేదీన పెట్టావని మాత్రం అడగకండి. నిజం చెప్పాలో, సర్టిఫికెట్ ప్రకారం చెప్పాలో తెలియని వంశం మాది.